వెంకమ్మ అడిగిన ప్రశ్న: ‘కన్యాశుల్కం’ నుంచి ద్విభాషా పాఠ్యపుస్తకం వరకు ఆంగ్ల పదజాల బోధన

వ్యాససంగ్రహం

ఉన్నత పాఠశాలలో ప్రౌఢమైన ఆంగ్ల పదాలు నేర్వడంలో తెలుగు విద్యార్థికి ఎదురయ్యే కష్టాన్ని ఆంగ్లభాషా బోధన సమస్యగానే ఇంతవరకు ఎక్కువగా చర్చించారు. ఆ కష్టంలో సగం తెలుగు పదజాలానికి సంబంధించినదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ ద్వితీయాంకంలో గిరీశం, వెంకటేశం ఆంగ్లంలో మాట్లాడే దృశ్యాన్ని ఇందుకు మూలాధారంగా తీసుకొని, నేటి పాఠ్యపుస్తకాల పదసూచికలను ఆ వెలుగులో పరిశీలిస్తుంది. నాటకపాఠానికి 1909 నాటి మలికూర్పు ఆధారం.

కీలకపదాలు: కన్యాశుల్కం, ఆంగ్ల పదజాలం, ఉన్నత పాఠశాల, ప్రతిపదార్థం, తాత్పర్యం, ద్విభాషా పాఠ్యపుస్తకం, వృత్తిపదాలు.

1. ఉపోద్ఘాతం

సామాన్యశాస్త్రం చదువుతున్న ఉన్నత పాఠశాల విద్యార్థి ‘ఎవాపరేషన్’ అనే మాట దగ్గర ఆగుతాడు. ఎదుటి పుటలో ‘బాష్పీభవనం’ అని ఉంటుంది. అర్థం దొరికిందనుకొని ముందుకు సాగుతాడు. అతనికి నిజంగా దొరికింది ఏమిటి? తెలియని ఒక మాటకు తెలియని మరొక మాట సమానమనే సమాచారం మాత్రమే. గణితంలో రెండు అవ్యక్తరాశులకు ఒకే సమీకరణం ఇస్తే ఏ రాశి విలువా తేలదని అదే విద్యార్థికి పక్క పీరియడులో చెబుతాం. భాష విషయంలో ఆ సంగతి మనకే గుర్తుండదు.

తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో 2022–23 విద్యాసంవత్సరం నుంచి ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు ఆంగ్ల మాధ్యమం వచ్చింది. ఒక పుట ఆంగ్లంలోను, ఎదుటి పుట తెలుగులోను ఉండే ద్విభాషా పాఠ్యపుస్తకాలు ఆంధ్రప్రదేశ్‌లోను తెలంగాణలోను పిల్లల చేతికి చేరాయి. మాధ్యమం ఏది కావాలన్న వాదంలో ఇరుపక్షాల వారూ ఎన్నో వ్యాసాలు రాశారు. ఆ రెండు పుటల నడుమ విద్యార్థి చూపు ఎలా అటూ ఇటూ తిరుగుతుంది, తిరిగినప్పుడు ఏది అందుతుంది, ఏది అందదు అన్న పరిశీలన మాత్రం అంతగా జరగలేదు. ఈ పరిశీలనకు పనికివచ్చే మొదటి పాఠం విద్యాశాస్త్ర గ్రంథంలో కాక ఒక తెలుగు నాటకంలో ఉండడం విశేషం.

2. అగ్రహారంలో ప్రదర్శన

‘కన్యాశుల్కం’లోని ఆంగ్లాన్ని మన విమర్శ సాధారణంగా రెండు విధాలుగా చదివింది. అది గిరీశం పాత్రస్వభావాన్ని తెలిపే సాధనమన్నది ఒకటి. వలసపాలనలో వచ్చిన అరకొర చదువు మీద వ్యంగ్యమన్నది మరొకటి. రెండూ సమంజసమే, కాని చాలవు. గురజాడ విజయనగరంలో మొదట ఉన్నత పాఠశాలలోను, తరువాత మహారాజా కళాశాలలోను పాఠం చెప్పినవాడు. 1883లోనే ‘సారంగధర’ కావ్యాన్ని ఆంగ్లంలో రాసినవాడు. ఆయనకు ఆంగ్లం మీద చిన్నచూపు లేదు, భయమూ లేదు. తరగతిలో ఆంగ్లం ఎలా పాడవుతుందో చూసిన అధ్యాపకుడి కన్ను మాత్రం ఉంది. ఆ కన్నుతో ఈ దృశ్యాన్ని చదివితే హాస్యం వెనుక ఒక తరగతి గది కనిపిస్తుంది.

సందర్భం సుపరిచితమే. పరీక్ష తప్పిన వెంకటేశం ఒంటరిగా ఇంటికి వెళ్ళడానికి జంకుతాడు. సెలవుల్లో చదువు చెప్పే గురువుగా గిరీశం అతని వెంట కృష్ణరాయపురం అగ్రహారం చేరుతాడు. కొడుకు చదువు కళ్ళారా చూడాలని, చెవులారా వినాలని తల్లి వెంకమ్మకు ముచ్చట. ఇద్దరినీ ఆంగ్లంలో మాట్లాడమని అడుగుతుంది. గురుశిష్యులు చెరి మూడుసార్లు నోరు విప్పుతారు. గిరీశం మొదట ఆకాశంలో మిణుకుమనే చుక్క మీది శిశుగీతాన్ని అందుకుంటాడు. డేరాలో తెల్లవాడు ఉన్నాడన్న వాచకపు వాక్యంతో వెంకటేశం బదులిస్తాడు. గిరీశం మండుతున్న ఓడ మీద నిలిచిన బాలుడి పద్యానికి వెళ్తాడు. శిష్యుడు రేఖాగణితం ఎత్తుకొని, ఒకే భూమి మీద ఒకే వైపున ఉన్న ట్రెపీజియం భుజాలు సమానమంటాడు. గురువు మిల్టన్ మహాకావ్యం ఆరంభాన్ని ఎత్తుకొని, ఆదిమానవుడు తిన్న ఫలాన్ని మామిడిపండుగా మార్చేస్తాడు. ఎఫ్ అక్షరంతో ముగిసే నామవాచకాలకు బహువచనం ఎలా వస్తుందో వ్యాకరణ సూత్రం వల్లించి శిష్యుడు ముగిస్తాడు.

తరగతిలో ఈ దృశ్యం చదివించినప్పుడు విద్యార్థులు నవ్వుతారు. నవ్వు ఆగాక ఈ ఆరు మాటలనూ నల్లబల్ల మీద వరుసగా రాయించడం మంచిది. శిశుగీతం, ప్రాథమిక వాచకం, కంఠస్థ పద్యం, యూక్లిడ్, మిల్టన్, వ్యాకరణం: ఒక కుర్రవాడు అక్షరాభ్యాసం నుంచి పట్టపరీక్ష వరకు ఎక్కవలసిన మెట్లన్నీ ఇందులో ఉన్నాయి. వాటి క్రమమే తారుమారైంది. నాటకకర్త పాఠ్యప్రణాళిక మొత్తాన్ని అర నిమిషంలో రంగం మీద విప్పి చూపాడు.

వీటిలో ట్రెపీజియం వాక్యం ప్రత్యేకంగా గమనించదగినది. ఆ వాక్యంలో వ్యాకరణదోషం లేదు. యూక్లిడ్ సిద్ధాంతాల నడక, పదబంధాలు, గాంభీర్యం అన్నీ యథాతథంగా ఉన్నాయి. కాని చెప్పిన విషయం అబద్ధం. ట్రెపీజియం భుజాలు సమానం కానక్కర లేదు. రెండు మూడు సిద్ధాంతాల ముక్కలు కుర్రవాడి నోట అతుక్కుపోయి, నిజమైన వాక్యానికి ఉండే రూపురేఖలతో ఒక శూన్యవాక్యం తయారైంది. ప్రౌఢపదాలను అర్థం లేకుండా కంఠస్థం చేస్తే వచ్చే అసలు ప్రమాదం తప్పుగా మాట్లాడడం కాదు. ఒప్పుగా వినిపిస్తూ ఏమీ చెప్పకపోవడం. పరీక్షాపత్రాలు దిద్దేవారికి ఈ వాక్యం కొత్తది కాదు.

గిరీశం చేసిన మామిడిపండు మార్పు ఇందుకు సరిగ్గా ఎదురుగా నిలుస్తుంది. అది కూడా తప్పే, కాని తెలిసి చేసిన తప్పు. ఫలం అంటే ఏమిటో, ఆ కథలో దాని స్థానం ఏమిటో తెలిసినవాడే దాన్ని మామిడిగా మార్చగలడు. మాట మీద స్వామ్యం ఉందా లేదా అన్నదానికి ఇంతకంటే మంచి పరీక్ష దొరకదు. మాటను యథాతథంగా అప్పజెప్పడం శిష్యుడికి వచ్చు. దాన్ని తన ఊరి తోటలోకి తెచ్చుకోవడం గురువుకే వచ్చు. ఆ గురువు మోసగాడు కావడం గురజాడ మార్కు చమత్కారం.

దృశ్యంలోని రెండో సగాన్ని విమర్శకులు అంతగా పట్టించుకోలేదని నా అభిప్రాయం. ఆంగ్ల ప్రదర్శన ముగియగానే, అక్కడే ఉన్న మేనమామ కరటకశాస్త్రి తెలుగు పద్యం చదవమంటాడు. కుర్రవాడు కొంత తడబాటు తరువాత నలదమయంతుల విరహాన్ని చెప్పే నన్నయ పద్యం అందుకుంటాడు. అందులో మన్మథుణ్ణి అగ్నిగా చెప్పే ఒక సంస్కృత సమాసం ఉంది. శాస్త్రి దాని అర్థం అడుగుతాడు. కుర్రవాడి దగ్గర జవాబు లేదు. గిరీశం అడ్డుపడి నేపాన్ని పిల్లవాడి వయసు మీదికీ, నాటి బడుల పద్ధతి మీదికీ నెట్టేస్తాడు.

ఈ రెండు సగాలనూ గురజాడ పక్కపక్కన పెట్టడం యాదృచ్ఛికం కాదు. కుర్రవాడికి మిల్టన్ ఎంత దూరమో నన్నయ సమాసమూ అంతే దూరం. రెండూ ఒకే పద్ధతిలో గొంతులోకి వెళ్ళాయి, ఒకే పద్ధతిలో బయటికి వచ్చాయి. ఆంగ్లం వల్ల తెలుగు పోయిందని కొందరు, తెలుగు వల్ల ఆంగ్లం రాలేదని మరికొందరు ఈనాడు వాదిస్తున్నారు. గురజాడ చూపిన కుర్రవాడికి రెండు భాషల్లోనూ పై అంతస్తు మాటలే ఉన్నాయి. కింది అంతస్తుతో ఆ మాటలకు సంబంధం లేదు.

3. ప్రతిపదార్థం మిగిలింది, తాత్పర్యం పోయింది

ఇక్కడ ఒక ఆక్షేపణకు సమాధానం చెప్పాలి. కంఠస్థం మన సంప్రదాయంలో దోషం కాదు. అమరకోశం అర్థం తెలియక ముందే నోటికి వచ్చేది. అగ్నిహోత్రావధానుల వంటి వేదపాఠికి స్వరం తప్పకపోవడమే విద్య. అలాంటప్పుడు వెంకటేశాన్ని తప్పుపట్టడం ఎంతవరకు న్యాయం?

అమరకోశం పద్ధతిని కాస్త దగ్గరగా చూడాలి. అది అకారాది నిఘంటువు కాదు. స్వర్గవర్గం, భూమివర్గం, వనౌషధివర్గం అంటూ లోకాన్ని విషయాలవారీగా విభజించి, ఒక్కొక్క వస్తువు చుట్టూ దాని పేర్లన్నీ పోగు చేస్తుంది. మాట ఒంటరిగా రాదు, తన కుటుంబంతో వస్తుంది. ఆ తరువాత కావ్యపాఠం మొదలవుతుంది. గురువు పద్యాన్ని పదాలుగా విడదీస్తాడు, అన్వయక్రమం చెబుతాడు, ప్రతిపదార్థం చెబుతాడు, చివర తాత్పర్యం చెబుతాడు. ప్రతిపదార్థంలో ఒక సంస్కృత పదానికి మరొక సంస్కృత పదం వచ్చినా నష్టం లేదు. తాత్పర్యం దగ్గరికి వచ్చేసరికి గురువు తన ఊరి మాటలో, తన వాడుకలో విషయం విప్పి చెప్పక తప్పదు. కంఠస్థమైన మాటకు ప్రాణం పోసేది ఆ చివరి మెట్టే.

నేటి పాఠ్యపుస్తకాల చివరనో, పాఠం పక్కనో ఉండే పదసూచికలు ఈ క్రమంలో ప్రతిపదార్థాన్ని మాత్రం నిలుపుకొని తాత్పర్యాన్ని వదిలేశాయి. ఆంగ్లపదం, గీత, తెలుగుపదం. అంతటితో సరి. గైడ్లలోనైతే ఆ గీత కూడా ఒక్కొక్కసారి ఉండదు. కంఠస్థం ఈ విద్యార్థికి చేటు చేసిందనడం కంటే, కంఠస్థం తరువాత రావలసినది రాలేదనడం సమంజసం.

4. రెండు అటకలు

ఆంగ్లం మాతృభాషగా ఉన్న పిల్లలకూ ఉన్నత పాఠశాల మాటలు సులువు కావు. డేవిడ్ కోర్సన్ 1985లో ప్రచురించిన తన గ్రంథంలో దీన్ని పదజాలపు అడ్డుగోడగా వివరించాడు. ఇంట్లో వాడే ఆంగ్లం ప్రధానంగా జెర్మానిక్ మూలం నుంచి వచ్చిన చిన్నచిన్న మాటలది. బడి కోరే ఆంగ్లం గ్రీకు, లాటిన్ మూలాల నుంచి వచ్చిన పొడుగు మాటలది. మొదటి దాని నుంచి రెండో దానికి వెళ్ళే దారి చదువుకున్న కుటుంబాల పిల్లలకు ఇంట్లోనే దొరుకుతుంది, శ్రామిక కుటుంబాల పిల్లలకు దొరకదు.

కోర్సన్ వివరణను తెలుగుకు అన్వయిస్తే మన విద్యార్థి స్థితి స్పష్టమవుతుంది. తెలుగులోనూ అటువంటి గోడ ఒకటి ఉంది. కింద తేమ, ఇగరడం, పులియడం, మొలకెత్తడం, వాలు, కోత. పైన ఆర్ద్రత, బాష్పీభవనం, కిణ్వప్రక్రియ, అంకురణ, ప్రవణత, క్రమక్షయం. ఆంగ్ల శాస్త్రపదానికి తెలుగు సమానార్థకం వెతికేటప్పుడు పరిభాషా నిర్మాతలు ఒక ఇంటి అటక నుంచి ఇంకో ఇంటి అటకకు పలక వేశారు. చూడడానికి పలక సమంగానే ఉంది. కింద నేల మీద నిలబడిన పిల్లవాడికి ఏ ఇంట్లోనూ నిచ్చెన లేదు.

అలాగని ‘ఎవాపరేషన్’కు ఎదురుగా ‘ఇగరడం’ అని రాస్తే సమస్య తీరిపోదు. పరిభాషను తేలికగా విమర్శించేవారు ఈ చోటే పొరబడతారు. కూరలో నీరు ఇగురుతుంది, గిన్నెలో పాలు ఇగురుతాయి. పొయ్యి మీద మరిగి తగ్గిపోయినదానికీ, ఎండలో ఆరి తగ్గిపోయినదానికీ వాడుక ఒకే మాట వాడవచ్చు. శాస్త్రం ఆ రెంటినీ వేరు చేస్తుంది. కనుక వాడుకమాట శాస్త్రపదానికి పర్యాయపదం కాదు. అక్కడికి చేర్చే మొదటి మెట్టు. ‘ఇగరడం’, ‘ఇంకడం’ అన్న రెండు మాటలు చాలు, ఒక పాఠం నడపవచ్చు. చెరువులో నీరు ఇగిరిందా, ఇంకిందా? పైకి పోయిందా, కిందికి పోయిందా? ఈ భేదం తెలుగు రైతు నోట ఎప్పటినుంచో ఉంది. ఆ భేదం దగ్గర విద్యార్థిని నిలబెట్టి, పైకి పోయిన దానిలో మరగకుండానే పోయిన నీటికి ఒక ప్రత్యేకమైన పేరు కావాలని అనిపించాక ‘ఎవాపరేషన్’ అన్న మాట చెబితే, అది అవసరానికి అందివచ్చిన మాటవుతుంది.

‘ఫర్మెంటేషన్’ ఇంకా మంచి ఉదాహరణ. ఇడ్లీపిండి పులుస్తుంది. పాలకు తోడు పెడతాం. కల్లు పొంగుతుంది. మూడు పనులకు ఇంట్లో, తోటలో మూడు మాటలు ఉన్నాయి. కంటికి కనిపించని జీవులు చేసే ఒకే రకం పని ఈ మూడింటి వెనుకా ఉందన్నది శాస్త్రం కనుగొన్న విషయం. ఆ ఏకత్వాన్ని పట్టుకోవడానికే ఆ పెద్ద మాట పుట్టింది. ప్రౌఢపదం గొప్పదనం దాని పొడవులో లేదు, అది కలిపి కట్టే వస్తువుల్లో ఉంది. ‘కిణ్వప్రక్రియ’ అని ఎదుటి పుటలో రాసి ఊరుకున్నప్పుడు ముడి మాత్రం విద్యార్థి చేతికి వస్తుంది. ముడిపడవలసిన మూడు తాళ్ళు ఇంట్లోనే ఉండిపోతాయి.

5. పదసూచికలో లేని మాటలు

ఇంతవరకు చెప్పినవి శాస్త్రపదాలు. వాటికైనా పదసూచికలో చోటుంది. అసలు చోటే దొరకని మరొక వర్గం ఉంది. ఇసబెల్ బెక్, మార్గరెట్ మెక్‌కియన్, లిండా కూకన్ 2002లో వెలువరించిన గ్రంథంలో పదజాలాన్ని మూడు అంతరువులుగా చూశారు. మొదటిది నిత్యవ్యవహార పదాలు. మూడోది ఆయా శాస్త్రాలకే పరిమితమైన పారిభాషిక పదాలు. నడుమ ఉన్నది అన్ని విషయాల్లోనూ కనిపిస్తూ, మాట్లాడే భాషలో తక్కువగా వినిపించే ప్రౌఢపదాలు. బోధన ఎక్కువగా శ్రద్ధ పెట్టవలసింది ఈ నడిమి వర్గం మీదనని వారి వాదం. ఆంగ్లమే మాతృభాషగా గల పిల్లలను దృష్టిలో పెట్టుకొని వారు చెప్పిన ఈ విభాగం మన తరగతి గదిలో మరింత పదునెక్కుతుంది.

ఎందుకంటే పరీక్షాపత్రం నడిచేది ఈ నడిమి మాటల మీదనే. జస్టిఫై, ఇలస్ట్రేట్, డిస్టింగ్విష్, అకౌంట్ ఫర్: ప్రశ్న ఏమి కోరుతున్నదో చెప్పే మాటలు ఇవి. విషయం తెలిసిన విద్యార్థి కూడా వీటి దగ్గర తడబడి, జస్టిఫై అన్న ప్రశ్నకు నిర్వచనం రాసి వస్తాడు. తెలుగు మాధ్యమంలో ఈ అవస్థ లేదనుకోవడం భ్రమ. సమర్థించుము, విశదీకరించుము, సోదాహరణముగా వివరించుము అన్న మాటలు ఏ ఇంట్లో వినిపిస్తాయి? అక్కడ కూడా పిల్లవాడు ఆ క్రియను దాటవేసి, పక్కనున్న పాఠం పేరు చూసి, తెలిసినదంతా రాసి వస్తాడు. రెండు మాధ్యమాల వారూ ఒకే గోడకు తల కొట్టుకుంటున్నారు. గోడకు వేసిన సున్నం రంగే వేరు.

ఈ నడిమి వర్గంలో తెలుగు వ్యాకరణానికి సంబంధించిన చిక్కు ఒకటి ఉంది. దాన్ని కొంచెం వివరంగా చెప్పుకోవాలి. ‘రిలక్టెంట్’ అన్న విశేషణానికి నిఘంటువులు విముఖమైన, అయిష్టమైన వంటి విశేషణాలు ఇస్తాయి. నిఘంటుకారుడి దృష్టిలో ఇది న్యాయమే. విశేషణానికి విశేషణం, నామానికి నామం ఇవ్వాలన్నది అతని నియమం. కాని ఆ భావాన్ని తెలుగు విశేషణంతో చెప్పదు, క్రియతో చెబుతుంది. వెళ్ళబుద్ధి కాలేదు. ఇవ్వడానికి మనసు రాలేదు. ఊఁ అనలేక అన్నాడు. పదమూడేళ్ళ ఏ తెలుగు పిల్లవాడినైనా అడగండి, సెలవులు ముగిసి హాస్టలుకు తిరిగి వెళ్ళేటప్పుడు ఎలా ఉంటుందో చెబుతాడు. ఆ అనుభవమూ ఉంది, దానికి మాటా ఉంది. నిఘంటువు వ్యాకరణ విభాగం పట్ల చూపిన విధేయత వల్ల ఆ మాట ఎదుటి పుటలోకి రాలేదు. దాని స్థానంలో ‘విముఖత’ వచ్చి కూర్చుంది. అందుకే విద్యార్థి ఆ ఆంగ్లపదాన్ని వాక్యంలో వాడవలసి వచ్చినప్పుడు క్రియగా వాడాలో విశేషణంగా వాడాలో తేల్చుకోలేకపోతాడు. దాన్ని ఏ తెలుగు వాక్యం మీద ఆనించి నేర్చుకోవాలో అతనికి ఎవరూ చూపలేదు.

పదానికి పదం చొప్పున కాక, వాక్యానికి వాక్యం చొప్పున సమానార్థకాలు ఇవ్వగలిగితే ఈ చిక్కు చాలావరకు విడిపోతుంది. ద్విభాషా పుటలకు అలాంటి అవకాశం సహజంగానే ఉంది. కాని తెలుగు పుట ఆంగ్ల పుటకు నీడలా నడవాలన్న నియమం ఉన్నంతకాలం ఆ అవకాశం అక్కరకు రాదు. ఆంగ్ల పుటలోని కర్మణి ప్రయోగానికి తెలుగులోనూ ‘బడు’ చేర్చి, ఆంగ్ల సంబంధకానికి తెలుగులో ‘ఏదైతే’ చేర్చి రాసిన పుటను చదవడానికి విద్యార్థి మళ్ళీ ఆంగ్ల పుటనే చూడవలసి వస్తుంది.

6. ఫలించిన ఒకే పాఠం

మళ్ళీ నాటకంలోకి వద్దాం. గిరీశం దగ్గర తాను నేర్చుకున్నది పొగ తాగడమొక్కటేనని వెంకటేశం మొదట్లోనే వాపోతాడు. తనతో సంభాషణే ఒక చదువని గిరీశం బుకాయిస్తాడు. తండ్రి చేత డబ్బు పెట్టించడానికి పుస్తకాల జాబితా రాయించేటప్పుడు, విషయాన్ని తేలికచేసి చెప్పే ‘మేడ్ ఈజీ’ గైడుతో ఆగకుండా, దాన్ని కష్టం చేసే ‘మేడ్ డిఫికల్ట్’ పుస్తకం ఒకదాన్ని కూడా కల్పించి చేరుస్తాడు. ఆ డబ్బు పొగకు పోతుందన్నది వేరే సంగతి. చదువు ఎంత కష్టంగా వినిపిస్తే అంత విలువైనదిగా తోచే గృహస్థు ఉన్నంతవరకు అటువంటి పుస్తకానికి గిరాకీ ఉంటుందని గిరీశానికి తెలుసు. కొడుకు ఉద్యోగం కోసం ఖర్చు పెడుతున్న అగ్నిహోత్రావధానులకు ఆ భాష రాదు. చదువు వచ్చిందో లేదో తేల్చుకోవడానికి అతనికి ఉన్న కొలమానం మాటల బరువే. హైస్కూలు పిల్లలకు అమెరికా విశ్వవిద్యాలయ ప్రవేశపరీక్షల పదాల పట్టికలు వల్లెవేయించే నేటి ప్రకటనల్లో ఆ కొలమానం ఇంకా చెల్లుతూనే ఉంది.

ఇంతటి గిరీశం నాటకంలో ఒకరికి మాత్రం నిజంగా పాఠం చెప్పాడు. ఆమె బుచ్చమ్మ. వితంతు పునర్వివాహం అనే భావం ఆనాటి ఆంగ్ల పత్రికల నుంచి, ఉపన్యాస వేదికల నుంచి దిగివచ్చినది. గిరీశం దాన్ని బుచ్చమ్మ దగ్గర ఉపన్యాస భాషలో చెప్పడు. కథగా చెబుతాడు, ఇంటి సంగతిగా చెబుతాడు, ఆమె మాటలో చెబుతాడు. ఆమెకు అర్థమవుతుంది, ఆమె కదులుతుంది, చివరికి ఇల్లు దాటుతుంది. ప్రౌఢభావాన్ని పై అంతస్తు నుంచి నేల మీదికి దింపగల నేర్పు గిరీశానికి పుష్కలంగా ఉంది. తన స్వార్థం ఉన్నచోట దాన్ని వాడాడు, జీతం లేని శిష్యుడి దగ్గర వాడలేదు. పద్ధతి తెలియని గురువు వల్ల కలిగే నష్టం కంటే, పద్ధతి తెలిసీ వాడని గురువు వల్ల కలిగే నష్టాన్ని గురజాడ ఎక్కువ నిష్ఠురంగా చూపాడని నాకు తోస్తుంది.

వాడుకభాషా ఉద్యమ చరిత్రలోనూ ఈ విషయం ఒకచోట తళుక్కుమంటుంది. 1906 ప్రాంతంలో ఉత్తర జిల్లాల పాఠశాలల పర్యవేక్షకుడిగా వచ్చిన జె.ఎ. యేట్స్ తెలుగు నేర్చుకోబోయి, పుస్తకంలోని తెలుగుకూ జనం నోటి తెలుగుకూ పొంతన లేదేమని ప్రశ్నించాడు. గిడుగు రామమూర్తి, గురజాడ, పి.టి. శ్రీనివాసయ్యంగారు ఆ ప్రశ్నను ముందుకు తీసుకువెళ్ళారు. 1914లో గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయానికి సమర్పించిన అసమ్మతి పత్రం ఆ క్రమంలోనిదే. ఆ ఉద్యమాన్ని మనం వచనశైలి వివాదంగా చదువుతూ వచ్చాం. అది బడి నుంచి, పరభాష నేర్చుకునేవాడి ఇబ్బంది నుంచి పుట్టిందన్న సంగతి వెనక్కి పోయింది. వచనంలో వాడుకభాష గెలిచింది. పాఠ్యపుస్తక పరిభాషలో గెలవలేదు. ఎదుటి పుటలో ‘బాష్పీభవనం’ ఒంటరిగా నిలబడి ఉండడం ఆ అసంపూర్ణ విజయానికి గుర్తు.

నిచ్చెనకు కావలసిన మెట్లు ఎక్కడో వెతుక్కోవలసిన పని లేదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటాన్ని ప్రచురించింది. 1971లో చేనేత పదాల సంపుటం వచ్చింది. నేల రకాలకు, నీటి పారుదలకు, మొలక దశలకు, నూలు కండెకు, మగ్గం భాగాలకు జిల్లాలవారీగా జనం వాడే మాటలు వాటిలో నమోదయ్యాయి. పరిశోధక విద్యార్థులు మాండలిక భేదాల కోసం ఆ సంపుటాలను తిరగేస్తారు. జీవశాస్త్ర, భౌతికశాస్త్ర పాఠాల పదసూచికలను వాటితో సరిపోల్చే పని ఎవరైనా చేపడితే ఒక మంచి సిద్ధాంతగ్రంథానికి సరిపడేంత సామగ్రి ఉంది. ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పదసూచికల్లోని ఎన్ని ఆంగ్లపదాలకు వృత్తిపదకోశాల్లో తొలిమెట్టు దొరుకుతుంది, ఎన్నింటికి దొరకదు, దొరికినచోట వాడుకమాట హద్దుకూ శాస్త్రపదం హద్దుకూ ఎంత తేడా ఉంది అన్న మూడు ప్రశ్నలతో ఆ పని మొదలుపెట్టవచ్చు. ఆ తేడాలే అసలు పాఠాలని ఇగరడం, పులియడం ఉదాహరణల్లో చూశాం.

ఆ పని చేసేవారు నాటకంలోని అగ్రహారపు దృశ్యాన్ని మరొకసారి చదవాలి. ఆరు ఆంగ్ల వాక్యాలూ విన్నాక అక్కడున్నవారిలో వాటి అర్థం ఏమిటని అడిగింది వెంకమ్మ. ఆమెకు అక్షరం ముక్క రాదు. పులియడం, ఇగరడం, మొలకెత్తడం వంటి మాటలన్నీ ఆమె వంటింట్లోనే ఉన్నాయి. సెలవుల్లో చదువు ఎలా సాగాలో మాట్లాడుకుంటున్నామని గిరీశం ఆమెకు జవాబిస్తాడు. ఆమె నమ్ముతుంది.